నూట ముప్పై లైన్ల రూల్స్ ఫైలు నాలుగు లైన్లకు దిగిన కథ

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు డీటీపీ షాపులవాళ్ళందరికీ ఒకటే తలనొప్పి. శుభలేఖ ఒక పక్క తెలుగులో ఉండాలి, ఇంకో పక్క ఒడియాలో ఉండాలి, పాత మేటరేమో యూనికోడ్ రాకముందు నాటి 8-బిట్ ఫాంట్లలో పడి ఉంటుంది. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు తప్ప ఏమీ కనిపించవు. ఆ మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఒకటుంది. సీ భాషలో రాసింది, ఏడెనిమిది ఫైళ్ళు, ప్రోగ్రామ్‌ని ఎలా కంపైల్ చేయాలో చెప్పే మేక్‌ఫైల్, అదీ చేత్తో రాసింది. దాన్ని డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌కి ప్యాకేజీగా కట్టి షాపులకి ఇచ్చే పని నాకొచ్చింది. ముందు చూసుకున్నాయన ఉద్యోగం మారి వెళ్ళిపోయారు, పేర్లతో మనకి పని లేదు.

ఆయన వదిలిన రూల్స్ ఫైలు, అంటే ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఫైలు, నూట ముప్పై లైన్లకి పైనే ఉంది. పాత పద్ధతిలో ప్యాకేజీ కట్టే డీహెచ్ కమాండ్లన్నీ ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ వెళ్ళారు, మధ్యలో ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న మెషీన్ల కోసం వేరే బ్లాకు, పైన సీఫ్లాగ్స్ అని కంపైలర్‌కి ఇచ్చే సూచనలతో (వీటినే ఫ్లాగ్‌లంటారు) ఒక పొడవాటి లైను. అసలు పని అంతా ఆ లైనులోనే ఉంది కాబట్టి అందులో ఏముందో చెప్పాలి: ఓ3, అన్‌రోల్-లూప్స్, మార్చ్=నేటివ్, ఫాస్ట్-మ్యాథ్, ఎఫ్-కామన్, అన్‌సైన్డ్-చార్, నో-పీఐఈ, వార్నింగులన్నీ మూసేసే చిన్న డబ్ల్యూ, చివర్లో సింబల్స్ (ప్రోగ్రామ్‌లోని ఫంక్షన్ల పేర్లు వగైరా) ఊడబీకే చిన్న ఎస్. ఒక్కదాని పక్కనా కామెంట్ లేదు.

ఫిర్యాదులు మూడు. కొన్ని పాత సిస్టమ్స్‌లో ప్రోగ్రామ్ మొదలవ్వగానే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని పడిపోతోంది. మిగతా చోట్ల శుభలేఖలకి బాగానే ఉంది కానీ పెద్ద ఫైలు ఇస్తే క్రాష్ అవుతోంది, అందుకే షాపుల్లో ఫైలుని ముక్కలు చేసి ఇవ్వడం అలవాటు చేసుకున్నారు. మూడోది నా ఫిర్యాదే: 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చాక దాని మీద ఈ ప్యాకేజీ అసలు బిల్డే కావడం లేదు.

ఇలాంటి లైన్ చూడగానే అంతా చెరిపేసి డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే డీఫాల్ట్స్ పెట్టేద్దాం అనిపిస్తుంది. చివరికి చేరేది అక్కడికే, కానీ ఒక్క దెబ్బకి కాదు. వాటిలో కొన్ని ఉబలాటం కొద్దీ పెట్టినవి, కొన్ని నిజంగానే ఏదో సమస్యకి అడ్డంగా పెట్టినవి, ఏది ఏదో బయటికి తెలీదు. అందుకని ముందు పాత ప్యాకేజీని ఉన్నదున్నట్టు డెబియన్ 12 చ్రూట్‌లో (మిగతా సిస్టమ్‌తో కలవని విడి చోటు) ఎస్‌బిల్డ్ అనే పనిముట్టుతో కట్టి, ఆ లాగ్ దాచాను. తర్వాత షాపుల నుంచి పాత ఫైళ్ళు తెచ్చుకున్నాను: తెలుగు శుభలేఖలు, ఒడియా కరపత్రాలు, ఒక వ్రతకల్పం పుస్తకం, ఒక సంఘం సభ్యుల జాబితా. వీటికి తోడు సవర భాషకున్న సొరాంగ్ సొంపెంగ్ లిపిలో ఉన్న ఒక సవర పేజీ కూడా పెట్టాను. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని వ్యాకరణం రాసిన పర్లాకిమిడిలో కూర్చుని సవర లేకుండా టెస్టు చేస్తే బాగుండదు, అది ఒకటి. రెండోది, ఆ లిపి 2012లో యూనికోడ్ 6.1తో వచ్చింది, దాని కోడ్‌పాయింట్లు 16 బిట్లలో పట్టవు, యూటీఎఫ్-8లో ఒక్కో అక్షరానికి నాలుగు బైట్లు పడతాయి. తెలుగు, ఒడియాలకి మూడే. ఇప్పటికే యూనికోడ్‌లో ఉన్న అక్షరాన్ని ప్రోగ్రామ్ ముట్టుకోకుండా వదలాలి, వదులుతోందో లేదో చూడటానికి ఇంతకన్నా మంచి ఫైలు దొరకదు. పాత ప్రోగ్రామ్ ఇచ్చిన ఔట్‌పుట్లన్నీ ప్రూఫ్ చూసుకుని ఒక ఫోల్డర్‌లో పెట్టాను. ఇకపై ఏ ఫ్లాగ్ తీసినా ఆ ఔట్‌పుట్లతో పోల్చాల్సిందే. ఒక మార్పుకి ఒక కమిట్.

పోల్చడానికి ఇంకో చిన్న అడ్డం ఉంది. వెర్షన్ అడిగితే బిల్డ్ చేసిన తేదీ, టైమ్ చూపించేలా సోర్సులో డేట్, టైమ్ మ్యాక్రోలు పెట్టారు. దానివల్ల ఏమీ మార్చకుండా రెండుసార్లు కట్టినా రెండు బైనరీలు వేరే వస్తాయి. సోర్స్-డేట్-ఎపాక్ వేరియబుల్ ఉంటే జీసీసీ కంపైలర్ 7వ వెర్షన్ నుంచి ఆ మ్యాక్రోలు దాన్నే వాడుకుంటాయి, డెబియన్‌లో అది ఛేంజ్‌లాగ్ తేదీ నుంచి వస్తుంది. అయినా నేను తేదీని తీసేసి ప్యాకేజీ వెర్షన్ పెట్టాను, షాపువాడికి కావలసింది అదే. ఆ తర్వాత డిఫాస్కోప్ అనే పోల్చే పనిముట్టు రెండు ప్యాకేజీల మధ్య తేడా చూపిస్తే అది నా మార్పు వల్ల వచ్చిన తేడాయే.

సులువువి త్వరగా అయిపోయాయి. మార్చ్=నేటివ్ అంటే బిల్డ్ చేస్తున్న మెషీన్ ప్రాసెసర్‌లో ఏ ఇన్‌స్ట్రక్షన్లు ఉంటే అవన్నీ వాడుకో అని. కట్టింది కొత్త ల్యాప్‌టాప్ మీద, నడిపేది పాత కోర్ 2 డ్యుయో ప్రాసెసర్ మీద. ఏవీఎక్స్2 ఇంటెల్‌లో వచ్చిందే 2013లో హాస్వెల్ ప్రాసెసర్లతో, కాబట్టి పాత మెషీన్ ఆ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర చేతులెత్తేస్తుంది. పది మందికి పంచే ప్యాకేజీలో ఈ ఫ్లాగ్‌కి చోటే లేదు. డెబియన్ ఏఎండీ64 బేస్‌లైన్‌లో, అంటే మెషీన్‌లో కనీసం ఉండాల్సిన ఇన్‌స్ట్రక్షన్లలో, ఉన్నది ఎస్ఎస్ఈ2 దాకానే, అది ఏ 64-బిట్ ఎక్స్86 మెషీన్ మీదైనా నడుస్తుంది. ఓ3, అన్‌రోల్-లూప్స్ తీసి ఓ2తో కట్టి టైమ్ చూస్తే తేడా చేతికి అందలేదు, ఈ ప్రోగ్రామ్ చేసేదంతా ఫైలు చదవడం, పట్టికలో చూడటం, రాయడం. ఫాస్ట్-మ్యాథ్ అయితే మరీ వింత, కోడ్ మొత్తంలో దశాంశాల లెక్క ఒక్కటీ లేదు. ఇక్కడ అది చేసే నష్టం లేదు కానీ లైబ్రరీలలో మాత్రం భయపడాల్సిందే: జీసీసీ 13 కంటే ముందు షేర్డ్ లైబ్రరీని దాంతో లింక్ చేస్తే, ఆ లైబ్రరీ లోడ్ అయిన ప్రోగ్రామ్‌లో కూడా అతి చిన్న దశాంశ సంఖ్యలు సున్నాలైపోయేవి, ఆ ప్రోగ్రామ్ రాసినవాడికి తెలియకుండానే.

ఎఫ్-కామన్ ఎందుకుందో ఊహించడం కష్టం కాదు. 2020లో జీసీసీ 10 నుంచి నో-కామన్ డీఫాల్ట్ అయింది, అంతకుముందు హెడర్‌లో ఎక్స్‌టర్న్ (అసలు వేరియబుల్ వేరేచోట ఉందని చెప్పే మాట) లేకుండా గ్లోబల్ వేరియబుల్ రాసినా చెల్లిపోయేది, ఆ తర్వాత మల్టిపుల్ డెఫినిషన్ అని లింకర్ ఆగిపోతోంది. రెండు వేరియబుల్స్‌కి ఎక్స్‌టర్న్ చేర్చి, ఒక సీ ఫైల్లో డెఫినిషన్ పెట్టాను. ఫ్లాగ్ పోయింది.

అసలు కథ నో-పీఐఈ దగ్గర ఉంది. డెబియన్ 9 నుంచి అక్కడి జీసీసీ ప్రతి ప్రోగ్రామ్‌ని పీఐఈగానే కడుతుంది, అంటే ప్రోగ్రామ్ మెమరీలో ఎక్కడైనా కూర్చోగలదు. ఆ ఫ్లాగ్ తీసి కడితే మా ప్రోగ్రామ్ ప్రతి ఫైలుకీ క్రాష్, అర పేజీ శుభలేఖకి కూడా. సరే, ముందాయన దీన్ని పెట్టడానికి కారణం ఇదీ. ఫ్లాగ్ ఉంటే చిన్న ఫైళ్ళకి బాగుంటుంది, పెద్దవాటికి క్రాష్. లేకపోతే అన్నిటికీ క్రాష్. రెండూ ఒకే జబ్బు అనిపించింది కానీ జీడీబీ అనే డీబగ్గర్‌లో చూద్దామంటే చిన్న ఎస్ ఫ్లాగ్ వల్ల సింబల్స్ లేవు, ఫంక్షన్ల పేర్ల చోట ప్రశ్నార్థకాలే. అందుకని ముందు దాన్ని పీకాను. డెబియన్‌లో సింబల్స్ తీసే పని డీహెచ్-స్ట్రిప్‌ది, అది తీసినవాటిని పారేయకుండా డీబీజీసిమ్ అనే వేరే ప్యాకేజీలో దాస్తుంది. మనమే లింక్ చేసేటప్పుడు ఊడబీకేస్తే ఆ ప్యాకేజీలో దాచడానికి ఏమీ మిగలదు.

సింబల్స్ వచ్చాక పెద్ద ఫైలుతో నడిపితే ఆగిన చోటు కనిపించింది. ఆర్‌టీఎఫ్ ఫైలు మొత్తాన్ని ఒక బఫర్‌లోకి చదివి, అందులో ఫాంట్ పేరు ఎక్కడుందో స్ట్రకేస్‌స్ట్ర అనే ఫంక్షన్‌తో వెతుకుతారు. బఫర్ చిరునామా హెక్స్ అంకెల్లో 7 తర్వాత వరసగా ఎఫ్‌లతో మొదలయ్యే 48-బిట్ సంఖ్య. ఆ బఫర్‌లోనే ఎక్కడో ఉండాల్సిన జవాబు చిరునామాలో మాత్రం పై 32 బిట్లూ ఎఫ్‌లే, కింది 32 బిట్లు సరిగ్గా ఉన్నాయి. ఇది చూశాక ఇంక వెతకక్కర్లేదు. స్ట్రకేస్‌స్ట్ర ప్రామాణిక సీలో లేదు, గ్నూ-సోర్స్ మ్యాక్రో ఇస్తేనే హెడర్ దాన్ని ప్రకటిస్తుంది. ఆ మ్యాక్రో ఇవ్వలేదు. ప్రకటన లేని ఫంక్షన్ ఇంట్ తిరిగిస్తుందని పాత సీ రూలు, కాబట్టి కంపైలర్ 64 బిట్ల చిరునామాలో కింది 32 బిట్లు ఉంచుకుని మిగతాది ప్లస్-మైనస్ గుర్తు చెప్పే బిట్‌తో నింపేసింది.

మరి చిన్న ఫైళ్ళకి ఎలా నడిచింది? పీఐఈ కాని ప్రోగ్రామ్ మెమరీలో బాగా కింద కూర్చుంటుంది, దాని హీప్ (నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) కూడా దాని పక్కనే ఉంటుంది, ఆ చిరునామాలు 32 బిట్లలో పట్టేస్తాయి, కోసేసినా పోయేదేమీ లేదు. కానీ గ్లిబ్‌సీ అనే సీ లైబ్రరీలో మెమరీ ఇచ్చే మాలాక్‌కి మామూలుగా 128 కేబీ ఒక హద్దు. అది దాటి అడిగితే హీప్ నుంచి కాకుండా ఎంమ్యాప్‌తో పైనెక్కడో చోటిస్తుంది. శుభలేఖ ఆ హద్దు దాటదు, వ్రతకల్పం దాటుతుంది. షాపుల్లో ఫైలు ముక్కలు చేసుకుంటే పని జరగడానికి కారణం ఇంతే. ఈ విషయం కంపైలర్ ప్రతిసారీ వార్నింగ్‌గా చెబుతూనే ఉంది, చిన్న డబ్ల్యూ ఫ్లాగ్ దాని నోరు నొక్కేసింది. డెబియన్ 13లో బిల్డ్ ఆగిపోవడమూ దీనివల్లే: 2024లో వచ్చిన జీసీసీ 14 ప్రకటన లేని ఫంక్షన్‌ని వార్నింగ్‌గా వదలదు, ఎర్రర్ అంటుంది. చాలామంది దీన్ని కంపైలర్ మొండితనం అంటున్నారు, పాత ప్రమాణం ఫ్లాగ్ ఇచ్చి నోరు మూయించే చిట్కాలు కూడా చెప్పుకుంటున్నారు. మా దగ్గరైతే ఆ ఎర్రరే మేలు చేసింది. సోర్స్ ఫైలు మొదట్లో మ్యాక్రో ఒక్క లైను చేర్చితే నో-పీఐఈ పోయింది, చిన్న డబ్ల్యూ పోయింది, డెబియన్ 13 బిల్డ్ వచ్చింది, వ్రతకల్పం మొత్తం ఒకేసారి మారింది.

మిగిలింది అన్‌సైన్డ్-చార్. ఇది చెత్త ఫ్లాగ్ కాదు. పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఎక్కువభాగం 127 దాటిన బైట్లలోనే ఉంటాయి, ప్రోగ్రామ్ ఆ బైట్‌ని నేరుగా 256 గడుల పట్టికకి సూచికగా వాడుతుంది. ఎక్స్86 మీద చార్ అనే ఒక బైటు రకానికి ప్లస్-మైనస్ గుర్తు ఉంటుంది, కాబట్టి 200 అనే బైటు మైనస్ 56 అవుతుంది, పట్టిక ముందున్న మెమరీలో ఏముంటే అది అక్షరంగా వస్తుంది. ఆర్మ్ లినక్స్‌లో చార్ ముందే గుర్తు లేనిది, అందుకే గుణుపురం షాపులో రాస్ప్‌బెరీ పై మీద ఈ ఫ్లాగ్ లేకుండానే బాగా నడిచేది, రూల్స్‌లో ఆర్మ్‌కి వేరే బ్లాకు ఉండటానికి కారణం అదొక్కటే. ఫ్లాగ్‌ని ప్యాకేజీలో మోయడం కంటే కోడ్‌లో సరిచేయడం మేలు, ఎందుకంటే ఈ ప్రోగ్రామ్‌ని వేరే డిస్ట్రిబ్యూషన్‌లో కట్టేవాడికి మన రూల్స్ ఫైలు కనిపించదు. వాల్ ఫ్లాగ్‌తో కడితే చార్-సబ్‌స్క్రిప్ట్స్ వార్నింగ్ అలాంటి చోట్లు చాలావరకు పట్టిచ్చింది, కూడికలో కలిసిపోయిన ఒకటి రెండు మాత్రం ఔట్‌పుట్ పోల్చినప్పుడు ఒడియా కరపత్రంలో దొరికాయి. అన్నిచోట్లా రకాన్ని అన్‌సైన్డ్ చార్ చేశాక ఆర్మ్ బ్లాకు మొత్తం చెరిపేశాను.

సీఫ్లాగ్స్ లైను ఖాళీ అయింది కదా, ఇక డెబియన్ డీఫాల్ట్స్ వాటంతటవే వస్తాయనుకుంటే రావు. డీపీకేజీ-బిల్డ్‌ఫ్లాగ్స్ అనే పనిముట్టు ఇచ్చే డెబియన్ ఫ్లాగ్‌లని, డీహెచ్ కమాండ్లున్న డెబ్‌హెల్పర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా పంపుతుంది. మేక్‌ఫైల్లో సీఫ్లాగ్స్ ఈక్వల్ టు ఏదో అని రాసి ఉంటే మేక్ ఫైల్లోదే తీసుకుంటుంది, పైనుంచి వచ్చింది పక్కన పడేస్తుంది. పోనీ మేక్ కమాండ్ లైనులోనే సీఫ్లాగ్స్ ఇద్దామంటే అది ఫైల్లో ఉన్నదాన్ని తుడిచేస్తుంది, ప్లస్-ఈక్వల్‌తో కలిపినవి కూడా పోతాయి, వాటిలో ప్రోగ్రామ్‌కి తప్పనిసరి అయిన ఇన్‌క్లూడ్ దారులు ఉంటే బిల్డ్ విరుగుతుంది. మా మేక్‌ఫైల్లో ఇంకో లోటు ఏమిటంటే కంపైల్ చేసే లైనులో సీపీపీఫ్లాగ్స్ అనే మాటే లేదు, బఫర్ దాటి రాస్తే పట్టుకునే ఫోర్టిఫై-సోర్స్ వచ్చేది అందులోంచే. బయటికి బిల్డ్ పచ్చగా ఉంటుంది, లోపల ఫోర్టిఫై లాంటి హార్డెనింగ్ (పొరపాట్లని, దాడులని ఆపే రక్షణలు) ఉండదు. బీఎల్‌హెచ్‌సీ అనే చిన్న పనిముట్టుకి బిల్డ్ లాగ్ ఇస్తే ఏ ఫైలుకి ఏ ఫ్లాగ్ అందలేదో వరసగా చెబుతుంది. అందుకే బిల్డ్ లాగ్‌లో కంపైల్ లైన్లు పూర్తిగా కనిపించాలి, అందంగా ఉంటుందని దాచేసే మేక్‌ఫైళ్ళంటే నాకు చిరాకు.

మేక్‌ఫైల్‌కి వేసిన ప్యాచ్ చిన్నదే. వాడేవాడి ఇష్టానికి వదిలేవి ప్రశ్నార్థకం-ఈక్వల్‌తో, అంటే బయటినుంచి ఏమీ రాకపోతేనే ఇవి. ప్రోగ్రామ్‌కి తప్పనిసరివి వేరే వేరియబుల్‌లో. కంపైల్ లైనులో రెండూ, వాటితో సీపీపీఫ్లాగ్స్. లింక్ లైనులో ఎల్‌డీఫ్లాగ్స్. అక్కడున్న యూజర్ లోకల్ లిబ్ ఆర్‌పాత్ (లైబ్రరీల కోసం వెతికే దారి) కూడా అప్పుడే తీసేశాను.

హార్డెనింగ్ నిజంగా పనిచేయడం మొదలయ్యాక ఊరికే ఉండదు. కొత్త ప్యాకేజీ షాపులకి వెళ్ళాక పర్లాకిమిడిలో ఒక పెద్దాయన ఫోన్ చేశారు: "ఏటి బాబూ, నిన్నటిదాకా బాగానే పన్జేసింది, కొత్తది ఏసేక మద్దెలో ఆగిపోతంది." స్క్రీన్ మీద ఏముంది మాస్టారూ అని అడిగితే బఫర్ ఓవర్‌ఫ్లో డిటెక్టెడ్ అని అక్షరం అక్షరం చదివి వినిపించారు. ఆయన ఫైళ్ళకి పేర్లు తెలుగులో పెడతారు, పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు, ఊరు, తేదీ. కోడ్‌లో ఫైలు పేరుకి 64 బైట్ల చోటుంది. పర్లాకిమిడి అనే ఒక్క మాటే 33 బైట్లు, పక్కన రెండు పేర్లు పెడితే దాటిపోతుంది. ఇన్నాళ్ళూ పక్కనున్న మెమరీని తొక్కుకుంటూ పోయి ఎలాగో బతికిపోయింది, ఇప్పుడు ఫోర్టిఫై పట్టుకుని ఆపింది. ఇలాంటప్పుడు ఫ్లాగ్ తీసేసి షాపువాణ్ణి శాంతపరచాలనిపిస్తుంది, పాత రూల్స్ ఫైలు నూట ముప్పై లైన్లు అయింది సరిగ్గా అలాగే. పేరు పొడవుని బట్టి చోటు అడిగేలా కోడ్ మార్చి అదే సాయంత్రం కొత్త వెర్షన్ పంపాను, తెలుగు పేరున్న ఫైలొకటి టెస్టుల్లో చేరింది.

రూల్స్ ఫైల్లో ఇప్పుడు ఉన్నది: మేక్ అని చెప్పే మొదటి లైను, హార్డెనింగ్ అన్నీ కావాలనే ఎక్స్‌పోర్ట్ లైను ఒకటి, శాతం గుర్తు లైను, దాని కింద డీహెచ్ పిలుపు. బిల్డ్-డిపెండ్స్‌లో డెబ్‌హెల్పర్ కంపాట్ 13 రాశాను కాబట్టి వేరే కంపాట్ ఫైలు అక్కర్లేదు, పైగా ఆ స్థాయిలో ఇన్‌స్టాల్ అయిన ఫైలేదైనా ఏ ప్యాకేజీలోకీ వెళ్ళకుండా మిగిలిపోతే బిల్డ్ ఆగుతుంది. పాత ఫైల్లో జే8 అని పెట్టిన లైను కూడా పోయింది, ఎన్ని పనులు ఒకేసారి నడపాలో బిల్డ్ చేసే మెషీనే చెబుతుంది. ప్యాచ్‌లు మాత్రం ఐదు పెరిగాయి, ప్రతిదాని పైనా ఎందుకు వేశామో రాసి ఉంది. లైన్లు లెక్కేస్తే మొత్తం పెద్దగా తగ్గలేదు అనొచ్చు. నిజమే, కానీ కోడ్ తప్పు కోడ్‌లో, మేక్‌ఫైల్ తప్పు మేక్‌ఫైల్లో సరిచేసినవి కాబట్టి అవి అసలు రచయితకి పంపగలిగాను. నో-పీఐఈని ఆయనకేమని పంపుతాం?

ఐదింట్లో నాలుగు ఆయన తీసుకున్నారు, తర్వాతి వెర్షన్‌తో మా దగ్గర అవి తీసేస్తాం. మేక్‌ఫైల్ ప్యాచ్ మీద ఇంకా మాట నడుస్తోంది, ఆయనకి ఓ3 ఉండాల్సిందేనట. ఉంచుకోండి, ప్రశ్నార్థకం-ఈక్వల్ తర్వాత ఓ3 అని రాసుకున్నా మాకు అభ్యంతరం లేదు, మా బిల్డ్‌లో దాన్ని డెబియన్ విలువ దాటేస్తుంది అని రాశాను. జవాబు రావాలి.